రెండు నెలలుగా ధ్యానంలో కూర్చుంటున్నాను, మనసు నిలవడం లేదు, మానేయమంటారా?

అమ్మా, మానేయకండి. ముందు ఆ ఒక్క మాట చెప్పి, మిగతావి వివరంగా రాస్తాను.

మీరు రాసింది ఇదీ. వయసు ముప్పై ఆరు, బ్యాంకులో ఉద్యోగం, ఇద్దరు చిన్నపిల్లలు. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి రోజూ తెల్లవారుజామున ఐదింటికి లేచి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని శ్వాసను గమనిస్తున్నారు. రెండు నిమిషాలు కూడా మనసు నిలవడం లేదు, పైగా ఆలోచనలు ఇదివరకటి కంటే ఎక్కువయ్యాయి. వీడియోల్లో చెప్పే ప్రశాంతత, ముఖంలో తేజస్సు, జ్ఞాపకశక్తి ఏవీ కనిపించలేదు. ఇది మీకు కుదరదేమోనని సందేహం. రోజూ చేస్తే నిజంగా ఏం లాభమో చెప్పమన్నారు. చివర్లో ఒక్క వాక్యంలో, మీ నాన్నగారు కూడా మీతో మొదలుపెట్టారని, వాట్సాప్‌లో ఏదో చూసి బీపీ మాత్రలు మానేద్దామంటున్నారని రాశారు. ఆ చివరి వాక్యం చదివాకే రేపటిదాకా ఆగకుండా ఇప్పుడే రాస్తున్నాను.

నా గురించి రెండు మాటలు. ముప్పై ఒక్క ఏళ్లు నర్సుగా పనిచేసి, హెడ్ నర్సుగా రిటైరయ్యాను. అందులో పద్నాలుగేళ్లు ఐసీయూలోనే. 2008 నుంచి రోజూ కూర్చుంటున్నాను. ఇప్పుడు మా కాలనీ కమ్యూనిటీ హాల్లో సాయంత్రం ఆరున్నరకి పదిహేను మందిమి కలిసి కూర్చుంటాం. నేను గురువును కాను, ఎవరికీ దీక్ష ఇవ్వను. నా ఒంటి మీద, నాతో కూర్చున్నవాళ్ల మీద చూసిందీ, నర్సుగా చదివి తెలుసుకున్నదీ చెబుతాను.

ముందు నాన్నగారి సంగతి. మాత్రలు ఆపనివ్వకండి. బీపీ మాత్ర ఆపిన మనిషికి చాలా రోజులు ఏమీ తెలియదు. తల నొప్పి ఉండదు, కళ్లు తిరగవు, "చూశారా, మాత్ర లేకపోయినా బాగానే ఉన్నాను" అంటారు. లోపల బీపీ మాత్రం పెరుగుతూ ఉంటుంది. ఐసీయూకి పక్షవాతంతో వచ్చిన పెద్దవాళ్ల ఇంట్లోవాళ్లని మందుల సంగతి అడిగితే, "ఈమధ్యే మానేశారమ్మా" అన్న మాట నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. బీపీ మందుల్లో కొన్నింటిని ఉన్నట్టుండి ఆపేస్తే గుండె వేగం, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతాయి కూడా. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ధ్యానం మీద ఒక ప్రకటన ఇచ్చింది. ధ్యానం వల్ల గుండెజబ్బు ముప్పు తగ్గే అవకాశం ఉంది, ఖర్చూ ప్రమాదమూ తక్కువ, కాబట్టి మందులు, ఆహారం, వ్యాయామంతో పాటు చేసుకోవచ్చు అన్నది దాని సారాంశం. వాటితో పాటు చేసుకోవాలి, వాటి బదులు కాదు. నాన్నగారు కూర్చోవాలి, మాత్రా వేసుకోవాలి. కొన్ని నెలలకి రీడింగులు తగ్గితే, డోసు తగ్గించే పని డాక్టరుగారిది.

ఇక మీ సంగతి.

మీరు రేపు పొద్దున కూర్చున్నప్పుడు ఏం జరుగుతుందో నేను ఇక్కడి నుంచే చెప్పగలను. గాలి లోపలికి వెళ్తుంటే ముక్కు అంచున చల్లగా తగులుతుంది, బయటికి వస్తుంటే కాస్త వెచ్చగా. మూడు నాలుగు శ్వాసలు ఇలా గడుస్తాయి. ఇంతలో "గ్యాస్ బుక్ చేశానా?" అని ఒక మాట. గ్యాస్ నుంచి ఆధార్, ఆధార్ నుంచి పెద్దాడి స్కూలు ఫారం, ఫారం నుంచి వాళ్ల టీచరు మొన్న అన్న మాట, ఆ మాటకి అప్పుడు మీరు ఇవ్వలేకపోయిన జవాబు. ఆ జవాబు మనసులోనే రెండుసార్లు చెప్పేసుకుంటారు. గొంతు దగ్గర కొంచెం బిగుసుకుంటుంది కూడా. ఉన్నట్టుండి, "అరె, నేను కూర్చున్నాను కదా" అని తెలుస్తుంది. మళ్లీ ముక్కు దగ్గరికి వస్తారు.

మీరు ఈ మొత్తంలో ఓడిపోయానని లెక్కేసుకుంటున్నారు. నేను ఆ "అరె" అన్న క్షణాన్ని లెక్కేస్తాను. మీరు నేర్చుకుంటున్నది అదే. తప్పిపోయానని తెలుసుకోవడం, విసుక్కోకుండా వెనక్కి రావడం. ఇరవై నిమిషాల్లో నలభైసార్లు తప్పిపోయి నలభైసార్లు వెనక్కి వచ్చారంటే, ఆ రోజు సాధన బాగా జరిగినట్టే. మనసు గాలిలాంటిది, దాన్ని పట్టడం నావల్ల కాదని అర్జునుడంతటివాడు మొరపెట్టుకున్నాడు. అదే గీత ఆరో అధ్యాయంలో కృష్ణుడు చెప్పింది, మనసు ఎక్కడెక్కడికి పరుగెత్తితే అక్కడక్కడి నుంచి మళ్లించి తెచ్చుకోమని. అసలు పరుగెత్తకూడదని ఆయన చెప్పలేదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే చాలామంది రెండో నెలలో మానేస్తారు. మీరు సరిగ్గా ఆ చోటే ఉన్నారు.

ఆలోచనలు ఎక్కువయ్యాయన్నారు. ఎక్కువవలేదమ్మా, ఇప్పుడు కనబడుతున్నాయి. రాత్రి కరెంటు పోయి ఫ్యాను ఆగిందనుకోండి, గోడ గడియారం టిక్ టిక్ వినిపిస్తుంది. గడియారం అప్పుడే మొదలైందా? హార్వర్డ్‌లో ఇద్దరు పరిశోధకులు 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. 2,250 మందికి రోజులో ఏదో ఒక సమయంలో ఫోన్ మోగించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు మనుషులు అంత సంతోషంగా కూడా లేరు. మీ మనసూ నా మనసూ అందరిలాంటిదే. మీరు చూడటం మొదలుపెట్టారు, అంతే తేడా.

మరి రోజూ చేస్తే ఏం వస్తుంది? నాకు మొదట వచ్చింది చెబుతాను.

2009 ఎండాకాలం, నైట్ డ్యూటీ, రాత్రి రెండున్నర అయ్యుంటుంది. ఒక కుర్రవాడి తండ్రి వెంటిలేటర్ మీద ఉన్నాడు. మందు మార్చడానికి ట్రే పట్టుకుని వెళ్తుంటే ఆ అబ్బాయి అడ్డం వచ్చి, నా ముఖం మీద వేలు పెట్టి, "మీకేమ్మా, నెల తిరిగితే జీతం వస్తుంది, మా నాన్న ఉన్నా పోయినా మీకు ఒకటే" అన్నాడు. అంతకు ఏడాది ముందైతే నా నోటి నుంచి ఏం వచ్చేదో నాకు తెలుసు. మూడు రాత్రుల డ్యూటీ, ఇద్దరు చేయాల్సిన పని ఒక్కదాన్నే చేస్తున్నాను, నాకూ అనడానికి చాలా ఉంది. కానీ ఆ రోజు నా చెవులు వేడెక్కడం నాకు తెలిసింది. పళ్లు బిగుసుకున్నాయని తెలిసింది. ట్రేని వేళ్లు నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నానని తెలిసింది. అలా తెలియడానికి అర సెకను కూడా పట్టి ఉండదు. ఆ అర సెకనులో ఆ అబ్బాయి కళ్లు కనిపించాయి, ఎర్రగా, ఎన్నాళ్లుగానో నిద్ర లేనట్టు. "బాబూ, భోంచేశావా?" అన్నాను. అతను గోడకి ఆనుకుని అక్కడే కిందికి జారి కూర్చుని ఏడ్చాడు.

ఆ రోజు పొద్దున ఇంటికి వెళ్తూ బస్సులో కూర్చుని అర్థం చేసుకున్నాను. అప్పటికి ఏడాదిగా నేను రోజూ కూర్చుంటున్నది దీనికి. ఆ ఏడాదంతా నేను కళ్లు మూసుకుంటే వెలుగులేమీ కనిపించలేదు, ప్రశాంతతా లేదు. ఇప్పుడు మీకున్నట్టే గ్యాసూ, ఫారాలూ, అత్తగారన్న మాటలూ. కానీ తప్పిపోయి తిరిగి రావడం వందలసార్లు చేశాను కాబట్టి, అది అవసరమైన చోట దానంతటదే వచ్చింది. ధ్యానం ఫలితాన్ని ఆ ఇరవై నిమిషాల్లో వెతక్కండి. మిగతా ఇరవై మూడు గంటల నలభై నిమిషాల్లో వెతకండి. నేను ఇన్నేళ్లలో తెలుసుకున్నది ప్రధానంగా ఇదొక్కటే.

శరీరంలో ఏం జరుగుతుందో మీరే ఇప్పుడు చూసుకోవచ్చు. ఎడమచేతి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు, కుడిచేతి రెండు వేళ్లు ఆనించి నాడి పట్టుకోండి. నెమ్మదిగా గాలి పీల్చండి, ఇంకా నెమ్మదిగా వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త త్వరగా, వదిలేటప్పుడు కాస్త నిదానంగా కొట్టుకోవడం మీ వయసులో చాలామందికి వేలికి తెలుస్తుంది. గుండెని నెమ్మదింపజేసే వేగస్ అనే నరం గాలి వదిలేటప్పుడు ఎక్కువగా పనిచేస్తుంది. టెన్షన్ పడినప్పుడు అడ్రినలిన్ వచ్చి గుండె దడ, చెమట, చేతుల వణుకు ఎలా తెస్తుందో, నిదానంగా కూర్చుని ఊపిరి వదులుతుంటే దానికి ఎదురు దారిలో శరీరం వెళ్తుంది. హార్వర్డ్ డాక్టరు హెర్బర్ట్ బెన్సన్ 1970లలోనే దీన్ని కొలిచి చూపించారు. ఇందులో మహత్తు ఏమీ లేదు, మన ఒంట్లో ఉన్న ఏర్పాటే.

ఆందోళన విషయంలో సాక్ష్యం ఒక మోస్తరు బలంగా ఉంది. 2014లో అమెరికాలో మనుషుల మీద చేసిన 47 ప్రయోగాలని (ట్రయల్స్), అంటే సుమారు 3,500 మంది వివరాలని, కలిపి పరిశీలించారు. ఆందోళన, డిప్రెషన్, నొప్పి ఈ మూడూ కొంతవరకు తగ్గుతాయని తేలింది. "కొంతవరకు" అన్న మాట గుర్తుపెట్టుకోండి. వ్యాయామం కంటే, మందుల కంటే ధ్యానం మెరుగని అందులో ఎక్కడా తేలలేదు. 2022లో వచ్చిన ఇంకో అధ్యయనం నాకు బాగా నచ్చింది. ఆందోళన జబ్బుగా ఉన్న 276 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి ఆందోళనకి డాక్టర్లు రాసే ఎస్సిటాలోప్రామ్ మాత్ర ఇచ్చారు, ఇంకో గుంపుకి ఎనిమిది వారాల ధ్యాన శిక్షణ ఇచ్చారు. ఎనిమిది వారాల తర్వాత రెండు గుంపుల్లోనూ ఆందోళన దాదాపు సమానంగా తగ్గింది. ఆ శిక్షణ 1979లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో జాన్ కబాట్ జిన్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన పద్ధతి. వారానికి ఒక క్లాసు, ఇంట్లో రోజూ నలభై ఐదు నిమిషాల సాధన. సాధన చేసిన చోట ఫలితం వచ్చింది. వారానికోసారి యాప్ తెరిచి ఐదు నిమిషాలు విని ఊరుకుంటే ఇది రాదు.

డిప్రెషన్ పదే పదే తిరగబెట్టేవాళ్ల కోసం ఇలాంటిదే ఇంకో శిక్షణ ఉంది. బ్రిటన్‌లో 424 మందిని రెండేళ్లపాటు గమనించి 2015లో ఫలితం చెప్పారు. మందులు కొనసాగించిన వాళ్లలో 47 శాతం మందికి, ధ్యాన శిక్షణ తీసుకుని డాక్టరు పర్యవేక్షణలో మందులు తగ్గించుకున్న వాళ్లలో 44 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ధ్యానం గెలిచిందని కాదు, రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. డాక్టరు పర్యవేక్షణలో అన్న ముక్కని మాత్రం వదిలేసి చదవకండి.

నొప్పి గురించి నాకు సొంత అనుభవం ఉంది, ఇక్కడ కొంచెం ఆగుతాను. పేషెంట్లని మంచం మీద పక్కకి తిప్పీ తిప్పీ నర్సుల్లో చాలామందికి నడుము పోతుంది. నాకూ పోయింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేసేటప్పుడు నడుము కుడివైపు నుంచి పిక్కదాకా ఒక తీగ లాగినట్టు ఉండేది. కూర్చున్నప్పుడు ఒకరోజు శ్వాస వదిలేసి ఆ నొప్పినే చూశాను. ఎక్కడ మొదలవుతుంది, ఎక్కడ ఆగుతుంది, మంటా, పోటా, లాగుడా? చూస్తూ ఉంటే అందులో రెండు విడివిడిగా కనిపించాయి. ఒకటి ఆ లాగుడు. రెండోది, "ఇక ఇంతేనా, పిల్లకి పెళ్లి కాలేదు, రేపు నేను మంచాన పడితే ఎవరు చూస్తారు" అన్న భయం. లాగుడు వస్తోంది, పోతోంది. భయం మాత్రం పొద్దుటి నుంచి రాత్రిదాకా ఉంటోంది. మొదటి బాణం తగిలినవాడు తనకు తానే రెండో బాణం వేసుకుంటాడని బుద్ధుడు చెప్పింది ఇదే. 2011లో అమెరికాలో పదిహేను మందికి రోజుకి ఇరవై నిమిషాల చొప్పున నాలుగు రోజులు ధ్యానం నేర్పి, కాలికి వేడి తగిలించి చూశారు. నొప్పి తీవ్రత తగ్గింది, నొప్పి వల్ల కలిగే బాధ అంతకంటే ఎక్కువ తగ్గింది. చిన్న అధ్యయనమే, కానీ నా నడుము చెప్పిందే అదీ చెప్పింది. నా డిస్క్ బాగవలేదు. ఫిజియోథెరపీ చేయించుకున్నాను, ఇప్పటికీ బరువులు ఎత్తను. రెండో బాణం మాత్రం చాలావరకు ఆగింది.

నిద్ర. మా గుంపులో రిటైరైన ఆర్టీసీ కండక్టరు ఒకాయన ఉన్నారు. భార్య పోయాక రాత్రి ఒంటిగంటకి మెలకువ వస్తే తెల్లారేదాకా పైకప్పు చూస్తూ పడుకునేవారు. కింద కూర్చోలేరు, ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుంటారు. మూడు నెలలయ్యాక నాతో అన్నారు, "ఇప్పుడూ మెలకువ వస్తుందమ్మా, కానీ గడియారం చూడటం మానేశాను, ఊపిరి లెక్కపెట్టుకుంటుంటే ఎప్పుడో పట్టేస్తుంది" అని. నిద్ర సరిగా పట్టని పెద్దవయసు వాళ్ల మీద కాలిఫోర్నియాలో చేసి 2015లో ప్రచురించిన చిన్న అధ్యయనంలోనూ, నిద్ర అలవాట్ల గురించి పాఠాలు విన్నవాళ్ల కంటే ధ్యానం నేర్చుకున్నవాళ్లు బాగా నిద్రపోయారు. నిద్ర పట్టాలి పట్టాలి అని పోరాడటం ఆగడమే ఇందులో మందు అని నా అభిప్రాయం.

ఇక మీరు వీడియోల్లో విన్న మిగతావి. ముఖంలో తేజస్సు గురించి నేనేమీ చెప్పలేను, సరిగా నిద్రపోతే ఎవరి ముఖమైనా బాగుంటుంది. షుగరు, క్యాన్సరు ధ్యానంతో నయమవుతాయని చెప్పేవాళ్ల మాట వినకండి. అలా నమ్మి ఆలస్యంగా వచ్చినవాళ్లని చూసి ఏడ్చిన రోజులున్నాయి. ఎనిమిది వారాల్లో మెదడు పెరుగుతుందని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పిన మాట నిజమే, వాటినే అందరూ తిప్పి తిప్పి చెబుతారు. 2022లో రెండు వందల మందికి పైగా మనుషుల మీద జాగ్రత్తగా చేసిన పరిశీలనలో మాత్రం ఎనిమిది వారాలకి మెదడు ఆకారంలో అలాంటి మార్పేమీ కనిపించలేదు. దీనికి నిరాశపడాల్సిన పని లేదు. ఆ కుర్రవాడి ముందు నా నోరు ఆగడానికి నా మెదడు లావెక్కాల్సిన అవసరం రాలేదు.

"రోజూ" అన్న మాట దగ్గరికి వద్దాం. పతంజలి యోగసూత్రాల్లో అభ్యాసం గట్టిపడటానికి మూడు చెప్పారు: చాలాకాలం చేయడం, మధ్యలో తెంపకుండా చేయడం, ఆదరంతో చేయడం. ఎంతసేపు అన్నది ఆ మూడింటిలో లేదు. ఆదివారం గంటన్నర కూర్చుని మిగతా ఆరు రోజులు మానేసేవాళ్ల కంటే, రోజూ పదిహేను నిమిషాలు కూర్చునేవాళ్లలోనే నేను మార్పు చూశాను. వాకిట్లో ముగ్గు సాయంత్రానికి కాళ్ల కింద చెరిగిపోతుంది. నిన్నటి ముగ్గు దండగైందని ఏ ఇల్లాలూ అనుకోదు, పొద్దున్నే కళ్లాపి చల్లి మళ్లీ వేస్తుంది. నిన్న బాగా కుదిరింది, ఇవాళ కుదరలేదు అన్న లెక్క కూడా అలాగే వదిలేయండి.

మా అమ్మాయి అడిగేది, నైట్ డ్యూటీలు ఉన్న నువ్వు రోజూ ఎలా కుదుర్చుకున్నావని. నేను గడియారంతో ముడిపెట్టలేదు, స్నానంతో ముడిపెట్టాను. స్నానం చేయగానే, ఏమీ తినకముందు, కూర్చోవాలి. డే డ్యూటీ అయితే అది తెల్లవారుజామున, నైట్ అయితే పొద్దున ఎనిమిదిన్నరకి. స్నానం తప్పదు కాబట్టి ఇదీ తప్పలేదు. మీ పిల్లలకి జ్వరం వచ్చి రాత్రంతా మేలుకున్న రోజు ఐదింటికి లేవాలని పట్టుబట్టకండి, నిద్ర ముఖ్యం. ఆ రోజు బ్యాంకు నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక పది నిమిషాలు కూర్చోండి. ఒకరోజు పూర్తిగా తప్పితే మర్నాడు రెట్టింపు కూర్చుని తీర్చాల్సిన పని లేదు. వరసగా రెండు రోజులు తప్పకుండా మాత్రం చూసుకోండి.

మీరు ఇప్పుడు చేస్తున్న దాంట్లో రెండు మూడు మార్పులు చెబుతాను. ఇరవై నిమిషాలు బరువనిపిస్తే ఒక నెల పన్నెండు నిమిషాలకి తగ్గించండి. పద్మాసనం అక్కర్లేదు, కుర్చీలో పాదాలు నేలకి ఆనేలా, వీపు ఆనించకుండా కూర్చుంటే చాలు. గాలి వదిలినప్పుడల్లా ఒకటి, రెండు అని పదిదాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటికి రండి. పధ్నాలుగు, పదిహేను అని వెళ్లిపోయారంటే తప్పిపోయినట్టు తెలిసిపోతుంది, నవ్వుకుని ఒకటికి రండి. శ్వాసని లాగకండి, బిగపట్టకండి, దాని పాటికి దాన్ని పోనివ్వండి. ఫోన్ పక్క గదిలో అలారం పెట్టి వదిలేయండి, చేతి దగ్గర ఉంటే కళ్లు తెరవగానే వేలు దాని మీదికే వెళ్తుంది. నిద్ర ముంచుకొస్తే కళ్లు సగం తెరిచి ఎదురుగా నేల మీద ఒక చోట చూడండి.

లేచాక ఒక నోట్‌బుక్‌లో ఒక్క లైను రాయండి. ఎంత ప్రశాంతంగా ఉందో రాయొద్దు. నిన్న ఎవరి మీద కోపం వచ్చింది, ఎంతసేపు ఉంది అని రాయండి. బ్యాంకు కౌంటరు దగ్గర ఎవరో అరిచి వెళ్లిపోతే అది సాయంత్రం వంటచేసేదాకా ఉందా, మధ్యాహ్నం భోజనానికే పోయిందా? మూడు నెలల తర్వాత మొదటి పేజీలు తిరగేయండి. కోపం రావడం తగ్గదు, ఉండే సమయం తగ్గుతుంది. ఇంట్లోవాళ్లని కూడా అడగండి. నా విషయంలో మా అత్తగారే ముందు కనిపెట్టారు. "ఈమధ్య నువ్వు గిన్నెలు విసిరెయ్యట్లేదే" అన్నారు. గిన్నెలు విసిరేస్తున్నానని అంతవరకు నాకు తెలియనే తెలియదు.

ఒక జాగ్రత్త. ధ్యానం అందరికీ, అన్ని వేళలా మంచి చేయదు. మా గుంపుకి వచ్చిన ఒక అమ్మాయి, ఎక్కడో చాలా రోజుల మౌన శిబిరం ముగించుకుని వచ్చాక, కళ్లు మూసుకుంటే చాలు చిన్నప్పుడు జరిగిన ఒక చెడ్డ సంగతి కళ్లముందుకు వచ్చి ఒళ్లంతా వణికిపోయేది. ఇంకా గట్టిగా కూర్చో, పోతుంది అని ఎవరో చెప్పారట. నేను ఆపమన్నాను. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం, ఏడాది వైద్యం తర్వాత ఇప్పుడు కళ్లు తెరుచుకుని నడుస్తూ చేసుకుంటుంది, బాగుంది. బైపోలార్, సైకోసిస్ లాంటి జబ్బులు ఉన్నవాళ్లు, పాత గాయాలు మోస్తున్నవాళ్లు డాక్టరుకి చెప్పకుండా దీర్ఘ శిబిరాలకి వెళ్లకూడదు. మీకు గాని, మీవాళ్లకి గాని కూర్చున్న కొద్దీ భయం, నిద్రలేమి, చావు ఆలోచనలు పెరుగుతుంటే సాధన ఆపి సాయం అడగండి. మానసిక సమస్యలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పద్ధతి ఏది మంచిదని చాలామంది అడుగుతారు. మన దగ్గర కొరత లేదు. హైదరాబాదులో నాగార్జునసాగర్ రోడ్డు మీద విపశ్యన కేంద్రం 1976 నుంచి ఉంది. పది రోజులు, ఫోన్ ఇచ్చేసి, మాట్లాడకుండా, తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, డబ్బు అడగరు. పిరమిడ్ ధ్యానం వాళ్లు ఊరూరా చెప్పే "శ్వాస మీద ధ్యాస" అన్న మాట వినని తెలుగువాళ్లు తక్కువ. హైదరాబాదు దగ్గర కన్హా శాంతివనంలో హార్ట్‌ఫుల్‌నెస్ వాళ్లు నేర్పుతారు. చిన్నపిల్లల తల్లి మీరు, పది రోజులు ఇల్లు వదిలి వెళ్లడం ఇప్పుడు కుదరదు, కుదరాల్సిన అవసరమూ లేదు. ఒకటి పట్టుకుని ఏడాది చేయండి. నెలకొకటి మారిస్తే దేంట్లోనూ వేరు దిగదు. మా గుంపులో తస్బీహ్ (ముస్లింల జపమాల) తిప్పుకుని వచ్చి కూర్చునే టైలరమ్మ ఉంది, చర్చికి వెళ్లే టీచరుగారు ఉన్నారు. ఊపిరి అందరిదీ ఒకటే కాబట్టి ఎవరికీ ఇబ్బంది రాలేదు.

నాన్నగారి దగ్గరికి మళ్లీ వస్తాను. ఆయన మనసు నొప్పించకుండా ఇలా చెప్పి చూడండి: "నాన్నా, ధ్యానం పనిచేస్తుందో లేదో మనిద్దరం కలిసి కొలుద్దాం." మాత్ర యథాప్రకారం వేసుకుంటూ, రోజూ ఒకే సమయానికి, కాఫీ తాగకముందు, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కుర్చీలో ఆనుకుని కూర్చున్నాక, చెయ్యి గుండె ఎత్తులో టేబుల్ మీద పెట్టి బీపీ చూడండి. నిమిషం ఆగి రెండోసారి చూడండి. రెండు అంకెలూ, తేదీతో సహా, మీ నోట్‌బుక్ వెనక పేజీలో రాయండి. రెండు వారాలకి ఆ పేజీ డాక్టరుగారికి చూపించి, నాన్నగారికి ఉన్న కోరిక కూడా ఆయన ముందే చెప్పండి. డాక్టరుగారు ఏమన్నారో నాకు రాయండి, ఎదురుచూస్తుంటాను.